మైకుకి దిష్టి తీసిన రోజు

మా తోడల్లుడు కొత్త మైకు కొన్నాడన్న సంగతి మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. గోంగూర కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“ఉన్నదానికి ఏమొచ్చిందట?” అన్నాను.

“ఏం రాలేదట. అందులోనే కొత్త రకం వచ్చిందట. ఇంకా బాగా వింటుందట,” అంది.

ఆ ‘అట’లన్నిటిలో చెల్లెలి మొగుడి గొప్ప కొంత ఉంది, నా మీద జాలి కొంత ఉంది. గొప్ప ఒక్కటే అయితే ఎలాగో మింగేవాణ్ణి.

ఈ మంట అర్థం కావాలంటే మా ఇద్దరి పనీ చెప్పాలి. పత్తి విత్తనాలు, పురుగుమందులు, చీరల అమ్మకాలు, చర్చి సభలు, ఏవైనా సరే ఆటో మీద బాకా కట్టి ఊరూరా తిప్పుతారే, ఆ ప్రకటనలు రికార్డు చేసి ఇవ్వడం మా వృత్తి. నేను సత్తెనపల్లిలో, మేడ మీద గదిలో చేస్తాను. ఆయన నల్లపాడులో, స్టేషను పక్క ఇంట్లో చేస్తాడు. చర్చిల్లో పాడేవాళ్ళు ఆయన దగ్గరికి వెళ్తారు, కేకలు వేయించుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. పాటలు ఆయనవి, మాటలు నావి అని ఎవరూ రాసుకోకుండానే ఒక సర్దుబాటు. మైకులు కూడా ఇద్దరం కలిసి వెళ్ళి గుంటూరులో ఒకే కొట్లో ఒకే రకం కొన్నాం. కండెన్సర్ మైకు. పెళ్ళి పందిట్లో చేత్తో పట్టుకుని హలో హలో అని తట్టే రకం కాదు. ఇది స్టాండు మీద కూర్చుంటుంది. దీనికి విడిగా తీగలోంచి కరెంటు పంపాలి, దాన్ని ఫాంటమ్ పవర్ అంటారు. ఫాంటమ్ అంటే దెయ్యమని తెలిసిన రోజు నుంచి, నా గదిలో దెయ్యం పనిచేస్తోందని ఊళ్ళో చెప్పుకుని కొంత గిరాకీ పెంచుకున్నాను కూడా.

ఒకే మైకు, ఒకే కొట్టు. ఆ సమానత్వం మీదే ఇన్నాళ్ళూ మా తోడల్లుళ్ళ ప్రేమ నిలబడి ఉంది. ఇప్పుడు ఆయన ఒక మెట్టు పైకెక్కి నిలబడ్డాడు. పైగా ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, మీరొచ్చి వినాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పాలి. మీ చెవికి ఉన్న పదును ఇంకెవరికీ లేదు.”

“నా చెవిదేముంది తమ్ముడూ. నీ మైకు ముందు నాదొక చెవా?”

“అదేం మాటన్నయ్యా! ఇంకోటి, షావుకారు గారిని కూడా రమ్మన్నాను. కొత్త మైకులో మన ఇద్దరి గొంతూ విని, ఈ ఏడు ఎవరిది బాగుంటే అది పెడతానన్నారు.”

నా కాళ్ళ కింద మేడ కదిలింది. షావుకారు అంటే సత్తెనపల్లిలో విత్తనాల షాపు ఆయన. మిరప నారు పోసే రోజులు వస్తున్నాయంటే ఆయన ఆటో బయలుదేరాల్సిందే, ఆ ఆటోలో నా గొంతు పలకాల్సిందే. “రైతు సోదరులారా! రంగుకు రంగు, ఘాటుకు ఘాటు! కాయ తుంచితే కళ్ళల్లో నీళ్ళు, కాటా పెడితే మొహాన నవ్వు!” ఆ మాటలు రాసిందీ నేనే, అరిచిందీ నేనే. నా గొంతు వినపడితే పాలు తీయించుకుంటున్న బర్రె తల తిప్పి చూస్తుంది. ఒక ఊళ్ళో అయితే మరో చెంబు ఎక్కువ ఇచ్చింది. చెంబు సంగతి నేను చేర్చిందే కానీ, తల తిప్పడం మాత్రం నిజం. బజార్లో నన్ను చూసి పిల్లలు “ఘాటుకు ఘాటు!” అని అరుస్తారు. అదీ నా ఆస్తి. పాటలతో సరిపెట్టుకోకుండా ఆయన ఇప్పుడు దాని మీద చెయ్యి వేశాడు.

మర్నాడు ప్యాసింజరెక్కి కూర్చున్నాను. ఇంకా వినని మైకుకి దారి పొడుగునా వంకలు వెతికాను. మరీ సున్నితంగా ఉంటుంది, అన్నాను కిటికీతో. మరీ స్పష్టంగా ఉంటే ఆటో బాకాలో కీచుమంటుంది, అన్నాను ఎదురు సీటాయనతో. ఆయన నా మొహం చూసి సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

తోడల్లుడి గది నాకు కొత్త కాదు. గోడలన్నిటికీ పాత బొంతలు కొట్టి, వాటి వెనక సొంత చేలో పత్తి కూరాడు. మధ్యలో కొత్త మైకు. నల్లగా నిగనిగలాడుతూ, రబ్బరు తాళ్ళ ఉయ్యాలలో బారసాల పిల్లాడిలా వేలాడుతోంది. పక్కనే పాతది, అచ్చం నా ఇంట్లో ఉన్నదానికి కవల. కొత్తదాని పక్కన అది ఎండలో నిలబెట్టిన చుట్టంలా కనపడింది. నా మైకును ఎవరో నా ఎదురుగానే చిన్నబుచ్చినట్టు అనిపించింది.

“ముందు ఏమీ మాట్లాడకుండా వినండన్నయ్యా,” అని హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించాడు.

పాతదాంట్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దూరంగా ఎవరో పెసరట్టు పోస్తున్నట్టు ‘స్స్’ అని ఒక సన్నటి మోత. దాన్ని నేను ఇన్నాళ్ళూ నిశ్శబ్దమే అనుకున్నాను. ఆయన కొత్తదానికి మార్చాడు. పెసరట్టు పోయింది. పత్తి బేళ్ళు నిండిన గోడౌన్లోకి వెళ్ళి వెనక తలుపు వేసుకున్నట్టు అయింది. నా గుటక నాకే వినపడింది.

“ఎట్టా ఉంది?”

“మరీ ఏమీ లేనట్టుంది,” అన్నాను.

“అదే కదన్నయ్యా ఉండాల్సింది!”

తర్వాత ‘ప’ పరీక్ష. మా పనిలో ఇదే అసలు గండం. ఈ ప్రాంతంలో అమ్మేవన్నీ ‘ప’తోనే మొదలవుతాయి. పత్తి, పొగాకు, పురుగుమందు, పశువుల దాణా. ‘ప’ అన్నప్పుడల్లా నోట్లోంచి గాలి వెళ్ళి మైకుని గుద్దుతుంది, బాకాలో ‘ఢబ్’మని పగులుతుంది. నేను గాలంతా కూడగట్టి, “పల్లెపల్లెకూ పత్తి పండించే పెద్దలారా!” అని దాని మొహాన కొట్టాను. మా గదిలో మైకైతే ఆ దెబ్బకి మూర్ఛపోయేది. ఇది చలించలేదు. ‘ప’లన్నీ పొట్టు తీసిన పప్పుల్లా విడివిడిగా వచ్చాయి. ‘పల్లె’లో ఒత్తు ‘ల’, ‘పెద్దలారా’లో విడి ‘ల’ దేనికది స్పష్టంగా తేలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో గూడ్సు బండి వచ్చింది. నా ఆశ దాని మీదే పెట్టుకున్నాను. నల్లపాడులో గూడ్సు కదిలితే మా తోడల్లుడి ఇంట్లో గిన్నెలు గూట్లోంచి దొర్లుతాయి. ఆయన నవ్వి మైకు ఒంటి మీద ఒక చిన్న మీట నొక్కాడు. లావు శబ్దాలని కోసేసే మీటట. బండి నా పాదాలకి తెలుస్తోంది, చెవులకి తెలియడం లేదు. రైలుని మింగేసిన మైకుకి ఏం వంక పెట్టను?

చివరి ఆశగా, “కళ్ళు మూసుకుని వింటే అసలు సంగతి తేలుతుంది,” అన్నాను. గోడకేసి తిరిగి కూర్చున్నాను. ఆయన నా గొంతునే రెండు మైకుల్లో రికార్డు చేసి, రెండిటి మోతా సమానం చేసి, ఒకటి వినిపించాడు, ఆగి రెండోది వినిపించాడు. మొదటిదాంట్లో నా గొంతు పెద్దమనిషిలా ఉంది. లోతుగా, తడిగా, ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసి చెబుతున్నట్టు. రెండోదాంట్లో డబ్బాలోంచి వస్తున్నట్టుంది.

“మొదటిదే!” అని గోడని గుద్దాను. “ఎంత చెప్పు తమ్ముడూ, పాత సరుకు పాత సరుకే. ఆ లోతు చూశావా? కొత్తది డబ్బా.”

తిరిగి చూశాను. ఆయన తల గోక్కుంటున్నాడు.

“అన్నయ్యా... మొదటిదే కొత్తది.”

అప్పుడే గుమ్మంలోంచి నవ్వు వినపడింది. షావుకారు గారు వచ్చి నిలబడి ఉన్నారు, ఎంతసేపటి నుంచో.

“చెవి పదునే కథలాయనా! వచ్చేదారిలో ఎక్కడైనా నూరించావేంటి?” అని వక్కపొడి నోట్లో వేసుకున్నారు. నా కోతలకి ఆయన పెట్టిన పేరు అది.

తోడల్లుడు ఆయనకి కుర్చీ వేసి, మైకు విద్యలన్నీ చూపించాడు. ఒక మీట తిప్పితే ముందున్న మనిషినే వింటుందట. ఇంకోలా తిప్పితే చుట్టూ నాలుగు వైపులా వింటుందట, బృందగానాలకి పనికొస్తుందట. అలా తిప్పి, మైకు వెనక నిలబడి మెల్లగా మాట్లాడి వినిపించాడు. షావుకారు “ఆహా” అన్నారు. ఆ ఆహాని కూడా అది పట్టుకుంది.

ముందు తోడల్లుడు చదివాడు, నేను రాసిన మాటలే. పాటలు పాడించే మనిషి కదా, గొంతులో ఒక నున్నదనం ఉంది. ‘ఘాటు’ అన్నప్పుడు ఘాటుగా లేదు కానీ, ‘నవ్వు’ అన్నప్పుడు నిజంగా నవ్వినట్టుంది. బాగుంది. బాగుండటమే నా బాధ. షావుకారు తల ఊపారు. ఆయన నా గొంతుకి ఎప్పుడూ అంత నిదానంగా తల ఊపలేదు.

నా వంతు వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. తోడల్లుడు రికార్డింగ్ మొదలుపెట్టి “ఊఁ, కానివ్వండి,” అన్నాడు.

“ఆగండి, ఆగండి!” అని మా అత్తగారు లోపలికొచ్చింది.

మా అత్తగారిది పొదిలి దగ్గర ఊరు. చిన్నకూతురి ఇంటికి వచ్చి ఉంది. గుప్పెట్లో ఎండుమిరపకాయలు.

“అంత ఖరీదు పెట్టి కొన్నారు, పదిమంది కళ్ళూ పడుతున్నాయి. దానికి దిష్టి తీయకుండా ఎట్టా మొదలెడతారయ్యా? పెద్దల్లుడుగారూ, మీరు కాస్త తల పక్కకి పెట్టండి.”

పక్కకి పెట్టాను. ఆమె మైకు చుట్టూ మిరపకాయలు తిప్పింది. ఎండిన కాయల్లో గింజలు గలగలలాడాయి. ఆ గలగల నా చెవుల్లో వానజల్లులా వినపడింది. ఎంత మైకురా బాబూ అని మళ్ళీ ఒకసారి కుళ్ళుకున్నాను.

తిప్పడం అయ్యాక ఆమె వరండాలోకి వెళ్ళింది. కుంపట్లో నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. మైకుకి పొగ తగిలితే లోపలి పొర పాడవుతుందని తోడల్లుడు గుమ్మంలో నిలబడి కండువాతో బయటికి విసురుతున్నాడు. కాయలు నిప్పుల్లో పడ్డాయి, చిటపటమన్నాయి.

అందరం ముక్కులు పట్టుకుని కాచుకున్నాం. మిరపకాయలు కాలితే ఘాటు రావాలి, ఇల్లిల్లంతా దగ్గాలి. దగ్గితే దిష్టి లేనట్టు. రాకపోతే, ఎవరిదో గట్టి కన్నే పడినట్టు.

రాలేదు. పొగ వచ్చింది, కాస్త కమ్మటి వాసన కూడా వచ్చింది. ఘాటు రాలేదు. తోడల్లుడు దగ్గలేదు. షావుకారు దగ్గలేదు. నేను మర్యాద కోసం ఒక దగ్గు ప్రయత్నించాను, అది గొంతులోంచి రాలేదు, మొహమాటంలోంచి వచ్చింది. అప్పుడు ఆ గోడౌన్ నిశ్శబ్దంలో, నా రెండు చెవుల మధ్య, వరండాలో మా అత్తగారు మా మరదలితో గొణిగిన గుసగుస పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది.

“ఇంకెవరిదే? పెద్దల్లుడిదే. వచ్చినకాడ్నించీ దానికేసి ఎట్టా చూస్తన్నాడో చూళ్ళేదూ?”

నాలుగు వైపులా వినే మీటని మా తోడల్లుడు మళ్ళీ వెనక్కి తిప్పలేదు.

నన్ను నేను కాపాడుకోవడానికి ఒకే ఒక్క మాట చాలు. ఆ కాయలు తోడల్లుడి చేలో కాసినవి. రంగు కోసం వేసే రకం. ముడతలు పడి, పొడి కొడితే కుంకుమలా ఉంటుంది కానీ ఘాటు పేరుకే. దాన్ని కాల్చినా, కౌగిలించుకున్నా కన్ను చెమర్చదు. దిష్టికి ఆ కాయ వాడటం మా అత్తగారి పొరపాటు. పొదిలి వైపు తను ఎరిగిన మిరపకాయలన్నీ మండేవే మరి. ‘అత్తయ్యా, అది రంగు కాయ’ అంటే నా కన్ను నిర్దోషి.

కానీ ఆ విత్తనం షావుకారు షాపుది. “ఈ కాయలు మీ విత్తనంవేనండీ,” అని మా మరదలు అప్పటికే గుమ్మంలోంచి ఆయనతో అంటోంది. అసలు ఆయన నాకు రంగు గురించి మాత్రమే చెప్పారు. ‘ఘాటుకు ఘాటు’ ప్రాస కోసం నేను చేర్చాను. రంగు బాగుంది, ధర పలికింది, ఎవరూ అడగలేదు. ఇప్పుడు షావుకారు మొహం చూశాను. వక్కపొడి నమలడం ఆగిపోయింది. ఆయనకీ తెలుసు. ఘాటు లేదని నేను అంటే, ఆ ఆటో నా గొంతుతో ఇంక ఏ ఊరూ తిరగదు. దిష్టి నాదే అని ఊరుకుంటే, ఈ ఇంట్లో నాకు చల్లటి మజ్జిగ కూడా ఎవరూ ఎదురొచ్చి ఇవ్వరు.

కన్ను పోతే పోయింది, గొంతు దక్కించుకుందామనుకున్నాను.

“ఇంకెవరిది అనుకుంటున్నారత్తయ్యా? నాదే!” అన్నాను మైకులోకి.

వరండాలో కుంపటి పక్కన చెంబు కింద పడింది. గుసగుస నాకెలా వినపడిందో ఆమెకి అంతు చిక్కలేదు. హెడ్‌ఫోన్ల సంగతి ఆమెకి తెలియదు, నేను చెప్పలేదు.

“నా కన్ను మామూలు కన్ను కాదండీ షావుకారు గారూ. మా పెళ్ళైన కొత్తలో బస్సులో పొదిలి వెళ్తూ, కిటికీలోంచి ఒక పొగాకు చేను చూసి ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్నాను. అంతే. ఆకు నిలబడ్డ పాటున ఎండి, పసుప్పచ్చగా మారి, ఒక్క పుల్ల కాల్చకుండానే, ఆకు వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టి తీసినట్టు అయిపోయింది. ఆ రైతు బస్సు వెనక పరిగెత్తి, ‘బాబ్బాబూ, పక్క చేను కూడా ఒక్కసారి చూసిపోండి, కట్టెల ఖర్చు తప్పుద్ది’ అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇంకోసారి పత్తి చేనుకేసి చూశాను. కాయలన్నీ ఒక్కసారే పగిలి, ఊరంతా మంచు పడిందని స్వెట్టర్లు తీశారు. అట్టాంటి కన్ను! అట్టాంటి కంటితో ఈ విత్తనం చేను నేను గట్టు మీద నిలబడి, మూతి తిప్పుకుంటూ, కుళ్ళి కుళ్ళి చూశాను. ఒక్క ఆకు వాలిందా? ఒక్క పూత రాలిందా? చివరికి ఏమీ చెయ్యలేక, ఇదిగో, ఇవాళ కాయలో ఉన్న ఘాటంతా నా కన్ను తాగేసింది. చూడండి ఎట్టా ఎర్రబడిందో! తాగింది నేను. మండుతోంది నాకు. విత్తనానిది తప్పా?”

కన్ను నిజంగానే ఎర్రగా ఉంది. పొద్దుట్నించీ మండుతోంది మరి, ఆ మైకుని చూసి చూసి.

షావుకారు ముందు నవ్వలేదు. తర్వాత కుర్చీతో సహా ఊగిపోయారు. వక్కపొడి పొలమారింది. ఎట్టకేలకి ఆ ఇంట్లో ఒకరు దగ్గారు.

“రికార్డయిందా అది?” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

అయింది. తోడల్లుడు వినిపించాడు. అత్తగారి గుసగుస దగ్గర కోసేయమని నేను సైగ చేశాను. ఆయన కోసేశాడు. దాన్ని విడిగా దాచి పెట్టాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. మిగతాదంతా విన్నాం. నా జన్మలో నా గొంతు అంత బాగా నేను వినలేదు. ‘కుళ్ళి కుళ్ళి’ అన్నచోట నిజంగా ఎవరో లోపల కుళ్ళుతున్నట్టే వచ్చింది. నటన అయితే అలా రాదు.

“ఈ ఏడు ఇదే పెడదాం,” అన్నారు షావుకారు. “పాత మాటలు తీసెయ్. ‘ఎవరి కన్నూ తగలని పైరు’ అని చివర్లో ఒక్క కేక వెయ్యి. ఘాటు సంగతి అవసరం లేదు. గొంతు నీది.”

నేను తోడల్లుడికేసి చూశాను, కాస్త గర్వంగానే. ఆయన మొహం పాలిపోయింది. ఆ క్షణం నా కడుపులో చల్లగా ఉంది. ఎంతోసేపు లేదు.

“మైకు మాత్రం ఈయనది,” అన్నారు షావుకారు లేస్తూ. “ఇన్నేళ్ళూ నీ గొంతులో ఇంత సొగసుందని మాకు తెలియనే లేదు కథలాయనా. ఇక నుంచి నీ గదిలో వద్దు, ఇక్కడికే వచ్చి చెయ్యి.”

తోడల్లుడి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. “అన్నయ్యకి ఎప్పుడైనా తలుపు తెరిచే ఉంటుందండీ,” అన్నాడు. ఆ పెద్దమనసుని తన్నాలనిపించింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ, “ఎట్టా ఉంది?” అంది.

“బాగానే ఉంది. అవసరమైన దానికంటే ఎక్కువ వింటుంది,” అన్నాను. మేడ మీదికి వెళ్ళి నా మైకు పెట్టుకుని నిశ్శబ్దం విన్నాను. పెసరట్టు పోస్తూనే ఉంది. ఇంతకుముందు నాకు అది మోతగా వినపడేది కాదు.

అప్పట్నించీ షావుకారు పని ఉన్నప్పుడల్లా ప్యాసింజరెక్కి నల్లపాడు వెళ్తున్నాను. మా అత్తగారు పొదిలి వెళ్ళిపోతూ మైకు స్టాండుకి ఒక నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయలు గుచ్చి వేలాడదీసి వెళ్ళింది. అది అందరి కోసం కాదు. పాడేవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని వెనక్కి తిప్పి పెడతారు. నేను వచ్చినప్పుడు మాత్రం మా మరదలు దాన్ని ముందుకు తిప్పి, నా ముక్కుకి ఎదురుగా సర్దుతుంది. “అమ్మ చెప్పింది బావగారూ, ఏమీ అనుకోకండి,” అంటుంది. అనుకోవడానికేముంది?

ఆ కాయలు ఇప్పుడు ఎండిపోయాయి. నేను ఊపుగా మాట్లాడితే స్టాండు కదిలి, లోపల గింజలు సన్నగా మోగుతాయి. తోడల్లుడు తీసేద్దామన్నాడు కానీ షావుకారు విని, “ఆ గలగల ఏంటి? గింజల మోతా? భలే ఉంది, ఉంచెయ్యండి. విత్తనాల ప్రకటన కదా,” అన్నారు. అలాగే ఉంది. మొన్న మా వీధిలో ఆటో వెళ్తుంటే వాకిట్లో నిలబడి విన్నాను. నా గొంతు లోతుగా, తడిగా, పెద్దమనిషిలా ఊరందరినీ పిలుస్తోంది. దాని వెనక, నా కంటి నుంచి ఆ మైకుని కాపాడుతూ, గలగల, గలగల. ఎదురింటి బర్రె తల తిప్పి చూసింది. నాకేసి కాదు, ఆటోకేసి.